సంతకం ముందు, సన్నాయి తరువాత

ఈ మధ్య శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు బొట్టు పెట్టి, కాఫీ తాగి, లేవబోతూ గొంతు కాస్త తగ్గించి ఒక మాట చెబుతున్నారు. "రిజిస్ట్రేషన్ మొన్నే అయిపోయిందండీ, వీసా కోసం. పెళ్ళి మాత్రం మాఘంలోనే" అని. మీ ఇంటికి వచ్చినవాళ్ళూ చెప్పే ఉంటారు. పెద్దవాళ్ళు కొందరు "ఇదెక్కడి చోద్యం, పెళ్ళికి ముందే పెళ్ళా!" అని బుగ్గలు నొక్కుకుంటారు. పిల్లలేమో "అదొక కాగితం పనే కదా" అని తేల్చేస్తారు.

నాకు ఇద్దరి మాటా పూర్తిగా ఒప్పదు. పెళ్ళికి రెండు తేదీలుండటం మనకు కొత్తేమీ కాదు. కాగితం పని అనుకున్నది ఒట్టి కాగితం పనిగా మిగిలిపోయిందీ లేదు. అసలు చిక్కంతా ఆ రెండు తేదీల మధ్య ఉన్న రోజుల్లో ఉంది. ఆ రోజుల్లో ఆడపిల్ల ఎవరి మనిషి? ఈ ప్రశ్న నూటయాభై ఏళ్ళుగా ఈ దేశంలో చట్టాలు చేసేవాళ్ళనూ, సంఘసంస్కర్తలనూ, మామూలు ఇళ్ళనూ ఇబ్బంది పెడుతూనే ఉంది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

మన ముత్తవ్వల కాలంలో చాలా ఇళ్ళలో పెళ్ళి వేరు, కార్యం వేరు. ఏడెనిమిదేళ్ళ పిల్లకు ఐదు రోజుల పెళ్ళి చేసేవారు. ఊరంతా భోజనాలు, మేళాలు, పల్లకీలు. పెళ్ళయ్యాక పిల్ల మళ్ళీ పుట్టింట్లోనే బొమ్మలతో ఆడుకునేది. పెద్దమనిషయ్యాక పునస్సంధానానికి ముహూర్తం పెట్టి, సారె ఇచ్చి, అప్పుడు కాపురానికి పంపేవారు. అంటే వాళ్ళు సంబరం ముందు చేసుకుని, సంసారం తరువాత మొదలుపెట్టారు. ఇప్పటివాళ్ళు సంతకం ముందు పెట్టి, సంబరం తరువాత చేసుకుంటున్నారు. వరస మారింది కానీ తేదీలు అప్పుడూ రెండే.

అయితే అప్పట్లో ముడి మొదటి తేదీకే పడిపోయేది. ఈలోగా ఆ పిల్లవాడికి ఏ విషజ్వరమో వచ్చి పోతే, మొగుడి ముఖం కూడా సరిగా గుర్తులేని పిల్ల జీవితాంతం వితంతువు. డిగ్రీలో మేము కన్యాశుల్కం చదువుకుంటున్నప్పుడు బుచ్చమ్మ దగ్గరకు వచ్చేసరికి క్లాసులో నవ్వులు ఆగిపోయేవి. ఆ పిల్లకు కాపురమన్నదే లేదు, వైధవ్యం మాత్రం ఉంది. రెండు తేదీల మధ్య ఖాళీ ఎంత లోతైనదో అలాంటి ఆడపిల్లలకే తెలుసు.

పెళ్ళికి సంతకం అనేది మన దేశంలో గట్టిగా అడుగుపెట్టింది 1872లో. బెంగాలులో బ్రహ్మసమాజం వాళ్ళు విగ్రహారాధన వద్దన్నారు, పాత పెళ్ళి తంతు వద్దన్నారు. ప్రార్థన చేసుకుని పెళ్ళిళ్ళు చేసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడొచ్చింది సందేహం. పాత తంతు లేని ఈ పెళ్ళి చట్టం ముందు నిలుస్తుందా? నిలవదని న్యాయకోవిదులు చెప్పేసరికి కేశవచంద్రసేన్, ఆయన అనుచరులు ప్రభుత్వాన్ని చట్టం అడిగారు. ఎన్నో ఏళ్ళ వాదోపవాదాల తరువాత 1872లో మూడో నంబరు చట్టంగా వచ్చింది. పిల్లకు కనీసం 14 ఏళ్ళు, పిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలి. 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రిజిస్ట్రారు, ముగ్గురు సాక్షులు ఉండాలి. వాళ్ళ ఎదుట ఇద్దరూ ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నట్టు పలకాలి. ఆ మాటలు పలికితే చాలు, మిగతా తంతు ఏ పద్ధతిలో చేసుకున్నా అభ్యంతరం లేదు.

ఇంత వెసులుబాటు ఉన్నా మామూలు కుటుంబాలు ఆ చట్టం వైపు చూడలేదు. కారణం ఒక్కటే. ఆ పద్ధతిలో పెళ్ళాడాలంటే తాము హిందువులమూ కాదు, ముస్లిములమూ కాదు, క్రైస్తవులమూ కాదు అంటూ ఏ ప్రధాన మతానికీ చెందమని రాసి ఇవ్వాలి. సంతకం పెట్టాలంటే ముందు ఇంటిని వదులుకోవాలన్నమాట. 1923లో హరిసింగ్ గౌర్ చొరవతో సవరణ వచ్చాకే హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము మతం వదులుకోకుండా ఈ పద్ధతిలో పెళ్ళాడే వీలు కలిగింది.

ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. చట్టం కోసం అంత పోరాడిన కేశవచంద్రసేన్ ఆరేళ్ళు తిరగకుండానే తన కూతురి పెళ్ళి విషయంలో చిక్కుకున్నారు. కూచ్‌బెహార్ సంస్థానం బాల మహారాజు నృపేంద్రనారాయణుడిని చదువు కోసం ఇంగ్లండు పంపాలి. పెళ్ళి చేయకుండా సముద్రం దాటించడానికి రాణివాసం ఒప్పుకోలేదు. బ్రిటిషు అధికారులు కేశవచంద్రుడి కూతురు సునీతిదేవిని ఎంచుకుని తొందరపెట్టారు. 1878 మార్చి 6న పెళ్ళి జరిగింది. అప్పటికి పెళ్ళికూతురికి 14 నిండలేదు, పెళ్ళికొడుక్కు 16 కూడా నిండలేదు. తండ్రి అడిగి తెచ్చుకున్న చట్టం ప్రకారం చూస్తే ఇద్దరికీ వయసు చాలదు.

ఇది నిశ్చితార్థం లాంటిదే, పిల్లలిద్దరూ పెద్దయ్యాకే కలిసి కాపురం చేస్తారని కేశవచంద్రుడు సమాధానం చెప్పుకున్నారు. పెళ్ళికొడుకు ఇంగ్లండు వెళ్ళిపోయాడు, పెళ్ళికూతురు పుట్టింట్లోనే ఉంది. వాళ్ళ కాపురం మొదలైంది 1880లోనే. కానీ ఆ సమాధానాన్ని తోటివాళ్ళు ఒప్పుకోలేదు. నిశ్చితార్థమైతే పెళ్ళి తంతు ఎందుకు జరిగింది, పెళ్ళైతే నిశ్చితార్థం అని ఎందుకంటారు అని నిలదీశారు. మూడు నెలలు తిరగకుండానే, 1878 మే 15న, సాధారణ బ్రహ్మసమాజం పేరుతో వేరుపడిపోయారు. ఒక పెళ్ళికి ఏది అసలు తేదీ అన్న గొడవే ఒక పెద్ద ఉద్యమాన్ని రెండు ముక్కలు చేయడానికి ముఖ్య కారణమైంది. అబ్బాయి విదేశం వెళ్ళేలోపు ముడి పడిపోవాలి అన్న తొందర మన కాలపు వీసాలతో పుట్టిందేమీ కాదు, చూశారా!

మన వైపు అదే కాలంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. పురోహితుడు దొరకడం కష్టం, వంటవాళ్ళు దొరకడం కష్టం. ఊరంతా కత్తులు నూరుతోంది. అయినా పంతులుగారు మంత్రాలతోనే, శాస్త్రోక్తంగానే పెళ్ళి చేయించారు. 1856 నాటి వితంతు వివాహ చట్టమే అలా చెప్పింది. కన్యకు ఏ తంతుతో పెళ్ళి చెల్లుతుందో, వితంతువుకూ అదే తంతుతో చెల్లుతుందని. నాకు ఇందులో కనిపించేది ఇది. సంస్కర్తలకు తంతు మీద మోజు కాదు. నలుగురూ చూసి "ఇది పెళ్ళే" అని ఒప్పుకోక తప్పని సాక్ష్యం ఆ అమ్మాయికి కావాలి. రేపు ఎవరూ కాదనలేని తేదీ కావాలి.

1891లో ప్రభుత్వం మరో దారి తొక్కింది. చిన్నపిల్లల పెళ్ళిళ్ళను ఆపే ధైర్యం చేయలేక, పెళ్ళైనా సరే 12 ఏళ్ళు నిండనిదే కాపురం కూడదని చట్టం చేసింది. మొదటి తేదీ జోలికి పోలేక రెండో తేదీకి గీత గీసింది. దానికే దేశమంతా గగ్గోలు. మొదటి తేదీని ముట్టుకున్నది శారదా చట్టం. 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పిల్లకు 14, పిల్లవాడికి 18. ఆ తేదీ లోపలే పెళ్ళిళ్ళు చేసేయాలని జనం ముహూర్తాల కోసం ఎగబడ్డారు. అయితే ఆ చట్టం పెద్దవాళ్ళను శిక్షించమంది కానీ, జరిగిన పెళ్ళి చెల్లదని మాత్రం అనలేదు. ముడి ముడిగానే ఉండేది.

మా గోదావరి జిల్లా వాళ్ళకు దానికీ ఒక దారి దొరికింది, యానాం. అక్కడ ఫ్రెంచివాళ్ళ పాలన కాబట్టి శారదా చట్టం వర్తించదు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకుని వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా పడింది. మా అమ్మమ్మ పెళ్ళి 1936లో అక్కడే జరిగింది. అప్పటికి ఆవిడకు 11 ఏళ్ళు. ఒక రాత్రి బండిలో నిద్రపోయాననీ, లేచేసరికి కొత్త ఊరనీ, సాయంత్రానికి మెడలో పుస్తెలున్నాయనీ చెప్పేది. కాపురానికి వెళ్ళింది మూడేళ్ళ తరువాత. "ఆ మూడేళ్ళూ బడికి పోనివ్వలేదే, పెళ్ళైన పిల్లవంటూ. అత్తారింటికీ పంపలేదు, చిన్నపిల్లవంటూ" అనేది. నవ్వుతూనే అనేది కానీ, ఆ మాట నాకు నవ్వులాట అనిపించేది కాదు.

ఇంకో వింత చెప్పనా! ఫ్రాన్సులో 1792 నుంచీ పెళ్ళంటే ముందు ఊరి పాలకుడి ఎదుట సంతకం చేయాల్సిందే, చర్చిలో ప్రార్థన ఆ తరువాతే. సంతకం ముందు, సంబరం తరువాత అన్న పద్ధతిని అంత కచ్చితంగా పెట్టుకున్న దేశం, తన వలసల్లో మాత్రం హిందువుల పెళ్ళి సంగతులు వాళ్ళ ఆచారాలకే వదిలేసింది. అందుకే ఆ యానాంలో మా అమ్మమ్మ లాంటి పిల్లలకు ఏ సంతకమూ అక్కరకు రాలేదు.

స్వతంత్రం వచ్చాక రెండు చట్టాలు పక్కపక్కనే వచ్చాయి. వీటి మధ్య తేడా తెలియకే ఇవాళ చాలామంది తికమకపడుతున్నారు కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

మొదటిది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. పాత 1872 చట్టం స్థానంలో వచ్చింది. మతంతో పని లేదు. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. అభ్యంతరాలేవీ లేకపోతే ముగ్గురు సాక్షులతో సంతకాలు పెట్టి, అధికారి ఎదుట ఒకరినొకరు స్వీకరిస్తున్నట్టు చెప్పాలి. అక్కడితో పెళ్ళి జరిగిపోయినట్టే. మేళం మోగలేదు కదా, భోజనాలు పెట్టలేదు కదా అంటే కుదరదు.

రెండోది 1955 నాటి హిందూ వివాహ చట్టం. దీని ఏడో సెక్షను ప్రకారం పెళ్ళి జరిగేది సంతకంతో కాదు, ఆచారం ప్రకారం చేసే తంతుతో. ఆ తంతులో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుంది. ఎనిమిదో సెక్షను రిజిస్ట్రేషన్ గురించి. అది జరిగిన పెళ్ళికి రుజువు మాత్రమే. రిజిస్టరు చేయించనంత మాత్రాన పెళ్ళి చెల్లకుండా పోదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2002లో పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ అలా చేయాలంది. ఆడవాళ్ళను పెళ్ళాడి, తరువాత అసలు పెళ్ళే జరగలేదనేవాళ్ళ నుంచి కాపాడటానికి ఆ రుజువు ఎంతో అవసరం. కానీ రుజువు వేరు, పెళ్ళి వేరు.

అంటే ఒకే రకంగా కనిపించే రెండు సర్టిఫికెట్లలో ఒకటి పెళ్ళి చేస్తుంది, ఇంకొకటి జరిగిన పెళ్ళిని రాసుకుంటుంది.

ఈ తేడా ఎంత పని చేస్తుందో 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో బయటపడింది. అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ విమానాలు నడిపే శిక్షణ పొందినవాళ్ళే. 2021లో నిశ్చితార్థమైంది. అదే ఏడు ఒక సంస్థ దగ్గర పెళ్ళైనట్టు ధ్రువపత్రం తీసుకుని, దాని మీద ఉత్తరప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ కూడా చేయించారు. అసలు పెళ్ళి 2022 అక్టోబరుకు పెట్టుకున్నారు. ఆ తేదీ రాకముందే గొడవలొచ్చాయి. పోలీసు కేసులు, విడాకుల కేసు. చివరికి జస్టిస్ బి.వి. నాగరత్న ఉన్న ధర్మాసనం, తంతే జరగలేదు కాబట్టి హిందూ చట్టం కింద వాళ్ళకు అసలు పెళ్ళే కాలేదంది, ఆ సర్టిఫికెట్ చెల్లదంది. వీసాల కోసం, సమయం కలిసొస్తుందని తల్లిదండ్రులు ముందే రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకుంటున్నారనీ, రేపు ఆ పెళ్ళి జరగకుండానే పోతే వాళ్ళ పరిస్థితి ఏమిటనీ కోర్టు అడిగింది.

ఆ ఇద్దరికీ అది విడుదలే అయింది. కానీ అదే కాగితాన్ని నమ్మి ఉద్యోగం మానేసి, ఇల్లు మారి, అతనితో వెళ్ళిపోయిన అమ్మాయి అయితే? తాను భార్యననుకుని బతికిన రోజులకు లెక్క ఎక్కడ? ప్రత్యేక చట్టం కింద సంతకం పెట్టినవాళ్ళకు ఇబ్బంది ఇంకో వైపు నుంచి వస్తుంది. అక్కడ "ఇంకా పెళ్ళి కాలేదులే" అనుకుని విడిపోదామంటే వీలుకాదు, విడాకులు తీసుకోవాల్సిందే. మరీ తీవ్రమైన కారణాలుండి కోర్టు అనుమతిస్తే తప్ప, మొదటి ఏడాది లోపల ఆ దరఖాస్తు కూడా వేయడానికి లేదు.

ఈ విషయంలో హైదరాబాదులో మా పక్కింటివాళ్ళ పద్ధతి నాకు నచ్చుతుంది. వాళ్ళమ్మాయికి నిఖా అయిన ఆరు నెలలకు రుఖ్సతీ చేసి అత్తారింటికి పంపారు. ఆ ఆరు నెలలూ పిల్ల పుట్టింట్లోనే ఉండి పరీక్షలు రాసుకుంది. కానీ నిఖానామా మీద సంతకాలు పడిన రోజే పెళ్ళి అయిపోయిందని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు, మహర్ ఎంతో ఊళ్ళో అందరికీ తెలుసు. తేదీలు రెండు, అనుమానం మాత్రం లేదు.

మా ఇంట్లోనూ ఈ మాట వచ్చింది. మా ఆడపడుచు కూతురికి డల్లాస్‌లో ఉన్న అబ్బాయితో సంబంధం కుదిరింది. అతనికి శ్రావణంలో దొరికింది 12 రోజుల సెలవు. మంచి హాళ్ళేవీ ఖాళీ లేవు. అబ్బాయి తండ్రి మా అన్నయ్యగారితో, "బావగారూ, రెండు ఫొటోలు తీయించి రిజిస్టరు చేయించేద్దాం. తెలిసిన మనిషి ఉన్నాడు. పెళ్ళి మాఘంలో ఘనంగా చేసుకుందాం" అన్నారు. చెడ్డ ఉద్దేశం కాదు, వీసా తొందర. అందరూ తలలూపారు. పిల్ల మాత్రం వంటింట్లోకి వచ్చి నన్ను అడిగింది. "అత్తా, మాఘం లోపల నేనెవర్ని? వీసా ఫారంలో భార్యనని రాసిస్తాను. ఇంట్లో మాత్రం పెళ్ళి కావాల్సిన పిల్లనా?"

మా అమ్మమ్మ మూడేళ్ళు అనుభవించిన ప్రశ్నే అది. ఈ పిల్ల అడగగలిగింది, అంతే తేడా.

నేను ఆ ఏడో సెక్షను, ఎనిమిదో సెక్షను గురించి చెబుతుంటే మా అత్తయ్యగారు విని ఒక్కమాటలో తేల్చారు. "మూడు ముళ్ళు వేయడానికి మూడు లక్షల హాలెందుకే? అన్నవరం కొండెక్కండి." అలాగే చేశాం. ఇరవై రెండుమంది వెళ్ళాం. తాళి కట్టాడు, ఏడడుగులు నడిచారు, పిల్ల తలంబ్రాలు కూడా తనివితీరా పోసింది. గుడి రసీదు, ఫొటోలు పట్టుకుని తరువాత సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి రిజిస్టరు చేయించాం. మాఘంలో విందు పెట్టాం, చుట్టాలందరూ వచ్చారు. మళ్ళీ కన్యాదానం చేయాలా అని అడిగితే, అయిన పెళ్ళికి మళ్ళీ పెళ్ళి ఏమిటమ్మా, సత్యనారాయణ వ్రతం చేయించండి చాలన్నారు పురోహితుడుగారు.

సంబరం వాయిదా వేసుకోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. అప్పులు చేసి ఒకే రోజు అన్నీ కుక్కే బదులు, ఊపిరి తీసుకుని చేసుకోవచ్చు. వాయిదా వేయకూడనిది స్పష్టత. ఏ చట్టం కింద సంతకం పెడుతున్నారు? ఆ రోజుతో పెళ్ళి అయినట్టా, కానట్టా? రెండో తేదీ వచ్చేవరకు పిల్ల ఎక్కడుంటుంది, పండగలకు ఏ ఇల్లు, ఆమె ఉద్యోగం సంగతేమిటి? ఇవి శుభలేఖ అచ్చు వేయించక ముందే రెండు కుటుంబాలూ ఒకచోట కూర్చుని, పిల్లనూ పిల్లవాడినీ ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకోవాలి. పిల్లను కూర్చోబెట్టుకోవడం మరీ ముఖ్యం. ఇంతకాలం ఈ రెండు తేదీల మధ్య రోజుల్ని మోసింది ఆమే కదా.